ఎత్తు పెంచిన బండికి స్టీరింగ్ ఎందుకు లొంగదు?

ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసిన ఆఫ్‌రోడ్ బండి అసలు కష్టం రాళ్ల దారిలో కంటే హైవే మీద ఎక్కువగా బయటపడుతుంది. రాళ్లు బాగానే ఎక్కుతుంది. గంటకు 80 కిలోమీటర్లు దాటాక మాత్రం స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. తిన్నని రోడ్డు మీద కూడా చేతులతో అదేపనిగా సరిచేస్తూ ఉండాలి. మలుపు తిరిగాక వదిలేస్తే స్టీరింగ్ దానంతట అది మధ్యకు రాదు. బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉంటుంది. వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే కాగితం మీద అంకెలన్నీ పచ్చరంగులో వస్తాయి, బండి తీరు మాత్రం మారదు. ఇక టెన్షన్ మొదలవుతుంది. స్ప్రింగులు మంచివి కావా, టైర్లలో లోపమా, స్టీరింగ్ బాక్స్ పోయిందా?

చాలాసార్లు ఇవేవీ కారణం కాదు. ప్రతి భాగమూ బాగానే ఉంటుంది, అవి ఒకదానితో ఒకటి ఉండాల్సిన కోణాలే మారిపోయి ఉంటాయి. ఎత్తు పెంచడమంటే బండిని కేవలం పైకి లేపడం అనుకుంటాం. నిజానికి కింద ఉన్న ప్రతి ఆర్మ్‌నూ, ప్రతి రాడ్‌నూ కొత్త కోణంలోకి తిప్పుతున్నాం.

సస్పెన్షన్‌లో ఇరుసును పట్టుకునే ప్రతి రాడ్‌కూ ఒక చివర ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. రెండో చివర చక్రంతో పాటు పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలిక నిలువు గీత మీద జరగదు, వృత్తంలో ఒక చాపం మీద జరుగుతుంది. ఊయల అడుగుభాగంలో ఉన్నప్పుడు అటూ ఇటూ కొంతదూరం కదిలినా ఎత్తులో పెద్దగా తేడా రాదు, పక్కకు పోయేకొద్దీ అదే దూరానికి ఎత్తు గబగబా మారిపోతుంది. సస్పెన్షన్ రాడ్లకూ ఇదే లెక్క. కంపెనీ ఇంజినీర్లు ఈ రాడ్లను వీలైనంత అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంచుతారు. అక్కడ చక్రం పైకీ కిందికీ ఎంత ఊగినా పక్కలకు జరిగేది తక్కువ. లిఫ్ట్ కిట్ వాటన్నిటినీ ఒకేసారి చాపంలోని నిటారు భాగంలోకి తోసేస్తుంది.

పాన్‌హార్డ్ రాడ్‌తో ఒక లెక్క వేసి చూద్దాం. ముందు వైపు రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు, కాయిల్ స్ప్రింగులు ఉన్న జీప్ రాంగ్లర్, సుజుకీ జిమ్నీ లాంటి బళ్లలో ఇరుసు పక్కలకు జరగకుండా పట్టుకునేది ఇదే. ఒక చివర ఛాసిస్‌కు, ఇంకో చివర ఇరుసుకు ఉంటుంది. రాడ్ పొడవు 800 మిల్లీమీటర్లు, దాని రెండు చివరల మధ్య ఎత్తు తేడా మొదట 50 మిల్లీమీటర్లు అనుకుందాం. బండిని 50 మిల్లీమీటర్లు లేపితే ఇరుసు సుమారు 5 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఇంకో 50 లేపితే మరో 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. లేపిన ఎత్తు రెండుసార్లూ ఒకటే, నష్టం మాత్రం రెండోసారి ఒకటిన్నర రెట్లకు పైనే. చిన్న లిఫ్ట్ వేసినవాళ్లు హాయిగా తిరుగుతుంటే పెద్ద లిఫ్ట్ వేసినవాళ్లు వరసగా ఇబ్బందులు పడటానికి మూలం ఇక్కడుంది. అవసరాన్ని మించి ఒక్క అంగుళం కూడా లేపకూడదని నేను గట్టిగా అనేదీ అందుకే.

ఇప్పుడు స్టీరింగ్ తేలిపోయే సంగతి. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఏ అక్షం మీద పక్కకు తిరుగుతుందో ఆ అక్షాన్ని పక్కనుంచి చూస్తే నిటారుగా ఉండదు, పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలునే కాస్టర్ అంటారు. వాలు వల్ల అక్షాన్ని కిందికి పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటికి కొంచెం ముందు నేలను చేరుతుంది. అంటే టైరు పట్టు ఎప్పుడూ అక్షానికి వెనకే ఉంటుంది. బండి ముందుకు పోతుంటే ఆ వెనకున్న పట్టు చక్రాన్ని తిన్నగా ఉండేలా లాగుతూ ఉంటుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడానికి ప్రధాన కారణం ఈ దూరమే.

దూరం ఎంత? టైరు వ్యాసార్థం 380 మిల్లీమీటర్లు, కాస్టర్ 5 డిగ్రీలు అయితే సుమారు 33 మిల్లీమీటర్లు. కాస్టర్ 2 డిగ్రీలకు పడిపోతే 13 మాత్రమే. పెద్ద టైర్లు వేశాం కదా, అది పూడుస్తుందిలే అనుకుంటారు కొందరు. వ్యాసార్థం 410 అయినా 2 డిగ్రీల దగ్గర వచ్చేది 14 మిల్లీమీటర్లే. టైరు బరువు మాత్రం పెరిగింది. బరువైన చక్రాన్ని తక్కువ పట్టుతో తిన్నగా ఉంచాలి, అందుకే స్టీరింగ్ అంత తేలిగ్గా, దిక్కు తెలియనట్టు ఉంటుంది.

మరి 5 డిగ్రీలు 2 ఎలా అయింది? ముందు ఇరుసును పట్టుకునే ఆర్మ్ 900 మిల్లీమీటర్ల పొడవుంటే, 50 మిల్లీమీటర్ల లిఫ్ట్‌కి అది సుమారు 3 డిగ్రీలు తిరుగుతుంది. జిమ్నీలో లాగా ఆర్మ్ ఇరుసుకు రెండు బుష్‌లతో (జాయింట్లలో ఉండే రబ్బరు తొడుగులు) గట్టిగా బిగించి ఉంటే, ఆర్మ్ తిరిగినంతా ఇరుసు కూడా తిరుగుతుంది. కాస్టర్‌లో ఆ 3 డిగ్రీలు నేరుగా పోతాయి. పైన రెండు, కింద రెండు విడి ఆర్మ్‌లు ఉన్న బళ్లలో నష్టం తక్కువే, అయినా ఉంటుంది.

దీన్ని వెనక్కి తేవడానికి రంధ్రం పక్కకు జరిపిన బుష్‌లు, ఆర్మ్ బిగించే చోటును కిందికి దించే బ్రాకెట్లు, పొడవు మార్చుకోగలిగే ఆర్మ్‌లు దొరుకుతాయి. లీఫ్ స్ప్రింగు బళ్లకు ఇరుసుకూ స్ప్రింగుకూ మధ్య పెట్టే చీలిక ఆకారపు పలకలు ఉంటాయి. కానీ ఇక్కడ చాలామంది చూసుకోని ఒక పేచీ ఉంది. చక్రం తిరిగే అక్షమూ, ఇంజిన్ శక్తిని ఇరుసుకు తెచ్చే డ్రైవ్ షాఫ్ట్ వచ్చి కలిసే పినియన్ మూతీ ఒకే ఇరుసు పెట్టె మీద ఉంటాయి. కాస్టర్ కోసం ఇరుసును తిప్పితే పినియన్ మూతి కిందికి చూస్తుంది, డ్రైవ్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. షాఫ్ట్ చివర్లలోని యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం సమంగా ఉండదు, ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలుంటే ఈ హెచ్చుతగ్గులు అటు ఒకటిన్నర శాతం, ఇటు ఒకటిన్నర శాతం. రెండు చివర్లా సమానమైన కోణం ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, లేకపోతే ఫ్లోర్ కింద వణుకు మొదలవుతుంది. స్టీరింగ్ బాగుపడితే షాఫ్ట్ వణుకుతుంది, షాఫ్ట్ బాగుపడితే స్టీరింగ్ తేలుతుంది. లిఫ్ట్ ఎత్తు పెరిగేకొద్దీ రెండింటికీ సరిపోయే కోణం దొరకడం కష్టమవుతుంది. పెద్ద లిఫ్ట్‌లు కోరుకునేవాళ్లు కొన్నిసార్లు ఇరుసు పెట్టెను కోసి చక్రాలు తిరిగే అక్షాన్ని పట్టుకునే చివరి భాగాలను కొత్త కోణంలో వెల్డింగ్ చేయించడం ఈ పేచీ వల్లే.

గతుకు వచ్చినప్పుడల్లా మీరు తిప్పకుండానే బండి పక్కకు తిరిగితే దాన్ని బంప్ స్టీర్ అంటారు. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్‌కూ, పాన్‌హార్డ్ రాడ్‌కూ వాలు ఒకేలా ఉండాలి, పొడవు కూడా దాదాపు సమానంగా ఉండాలి. అప్పుడు గతుకు మీద ఇరుసు కాస్త పక్కకు జరిగినా డ్రాగ్ లింక్ చివర కూడా అంతే జరుగుతుంది, చక్రం తిరగదు. లిఫ్ట్ వల్ల రెండూ ఒకేలా వాలితే గొడవ చిన్నదే. అసలు గొడవ సగం మరమ్మతుతో వస్తుంది. డ్రాగ్ లింక్ వాలు చూసి భయపడి, కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ను కదిపే మీట) వేసి దాన్ని అడ్డంగా చేస్తారు. పాన్‌హార్డ్ రాడ్‌ను మాత్రం వాలుగానే వదిలేస్తారు. ముందు చెప్పిన కొలతలతో చూస్తే, 50 మిల్లీమీటర్లు లేపిన బండిలో ప్రతి 10 మిల్లీమీటర్ల గతుకుకూ ఇరుసు 1.3 మిల్లీమీటర్ల దాకా పక్కకు జరుగుతుంది, డ్రాగ్ లింక్ జరగదు. చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్ పొడవు 150 మిల్లీమీటర్లయితే చక్రాలు దాదాపు అర డిగ్రీ తిరిగిపోతాయి. మంచి భాగమే వేసినా బండి ముందుకంటే పాడవుతుంది. మార్చితే రెండూ మార్చాలి, లేకపోతే రెండూ వదిలేయాలి.

స్టీరింగ్ వంకరగా ఉండటానికి కూడా డ్రాగ్ లింకే కారణం. వాలినప్పుడు దాని అడ్డపు పొడవు తగ్గి చక్రాలను ఒక పక్కకు లాగుతుంది. దాని మీదున్న సర్దుబాటు గొట్టాన్ని తిప్పి సరిచేయాలి. స్టీరింగ్ వీల్‌ను ఊడదీసి తిన్నగా మళ్లీ బిగించేవాళ్లున్నారు, అది తప్పు. బంతులు తిరిగే పాతరకం స్టీరింగ్ బాక్సులు సరిగ్గా మధ్యలో బిగుతుగా, పక్కలకు పోయేకొద్దీ కాస్త లూజుగా ఉండేలా తయారవుతాయి. వీల్‌ను మాత్రం తిప్పి పెడితే బాక్స్ మధ్యలో లేకుండానే హైవే అంతా నడుస్తుంది, మధ్యలో ప్లే (వదులు) ఎప్పటికీ పోదు. ఆ ప్లే తీయడానికి బాక్స్ మీది స్క్రూను బిగిస్తే గేర్లు అరిగిపోతాయి.

ఒక్కో చక్రం విడిగా ఊగే ఇండిపెండెంట్ సస్పెన్షన్ బళ్లలో కథ వేరేగా నడుస్తుంది, ఇరుసు లేదు కాబట్టి పాన్‌హార్డ్ బాధ లేదు. కానీ కింది ఆర్మ్‌లు, చక్రాలను తిప్పే టై రాడ్లు, చక్రాలకు శక్తి చేర్చే డ్రైవ్ యాక్సిళ్లు అన్నీ కిందికి వాలతాయి. చక్రం ఊగినప్పుడల్లా టో (పై నుంచి చూస్తే చక్రాల ముందుభాగాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతూ ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సర్దుబాటు బోల్టులకు ఉన్న పరిధిలో క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే కోణం), కాస్టర్ రెండూ ఒకేసారి కుదరవు. ఒకటి సరిచేస్తే ఇంకోటి పోతుంది. చక్రం తిరిగే కీలైన బాల్ జాయింట్‌ను వెనక్కి జరిపి తయారుచేసిన పై ఆర్మ్‌లు అమ్మేది ఇందుకోసమే, వీటికి పెట్టే డబ్బు వృథా కాదు. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఎత్తు కోసం పెట్టే స్పేసర్ విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. స్ట్రట్ కింది ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో తగులుతుంది కాబట్టి స్పేసర్ మందం కంటే చక్రం దగ్గర ఎక్కువ తేడా వస్తుంది. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బాల్ జాయింట్లు, యాక్సిళ్ల చివర్లలోని సీవీ జాయింట్లు తమ హద్దు దాటిపోవచ్చు.

టో అనేది చూడటానికి చాలా చిన్న అంకె. రెండు చక్రాలూ చెరో పావు డిగ్రీ లోపలికి చూస్తున్నాయనుకోండి. కిలోమీటరు నడిచేసరికి ఒక్కో టైరు సుమారు 4 మీటర్ల 40 సెంటీమీటర్ల మేర అడ్డంగా రోడ్డును రాసుకుని ఉంటుంది. కొత్త టైర్ల అంచులు త్వరగా అరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

అన్నిటికంటే భయపెట్టేది చక్రాల వణుకు. ఒకే ఇరుసు బళ్లలో ఏదో ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ పిచ్చిగా కొట్టుకుంటాయి, స్టీరింగ్ చేతిలో నిలవదు. వేగం బాగా తగ్గించేదాకా ఆగదు. తిరిగే చక్రానికి ఒక గుణం ఉంది. దాని ఇరుసును వాలిస్తే అది ఆ దిక్కున మాత్రమే స్పందించదు, పక్కకు తిరగాలని చూస్తుంది. ఒక చక్రం గతుకెక్కి ఇరుసు వాలితే చక్రాలు పక్కకు తిరుగుతాయి. పక్కకు తిరిగితే ఇరుసు మళ్లీ వాలుతుంది. ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ, బండి వేగం నుంచే శక్తి తీసుకుంటూ పెరిగిపోతాయి. 1920లలో మెత్తని బెలూన్ టైర్లు, ముందు చక్రాల బ్రేకులు వచ్చాక మామూలు కార్లను కూడా ఇది వేధించింది. 1934లో జనరల్ మోటార్స్ కార్లకు ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ రావడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి, ఇంజినీరు మారిస్ ఆలీ ఆ పనిలో ముఖ్యుడు. ఎడమ చక్రం వాలు కుడి చక్రానికి చేరకపోతే ఈ గొలుసు తెగుతుంది.

వణుకు మొదలవడానికి ఎక్కడో కొంచెం లూజు కావాలి. ఎక్కువసార్లు అది పాన్‌హార్డ్ రాడ్ బుష్‌లోనో, సాగిపోయిన బోల్టు రంధ్రంలోనో, టై రాడ్ చివరనో, బాల్ జాయింట్‌లోనో దొరుకుతుంది. చాలామంది ముందు స్టీరింగ్ కుదుపులను తగ్గించే డ్యాంపర్ మారుస్తారు. కొత్త డ్యాంపర్ కొన్నాళ్లు వణుకును దాచిపెడుతుంది, లూజు అలాగే పెరుగుతుంటుంది. వెతకడానికి మంచి పద్ధతి ఒకటుంది. బండిని జాకీ మీద లేపకుండా చక్రాలు నేల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి ఒకరు స్టీరింగ్‌ను కొంచెం కొంచెం అటూ ఇటూ ఊపాలి. ఇంకొకరు పక్కనుంచి ఒక్కో జాయింట్‌నూ చూడాలి, చేతులు మాత్రం కదిలే భాగాలకు దూరంగా ఉంచాలి. రెండు భాగాలు కలిసి కదలాల్సిన చోట ఒకటి ఆలస్యంగా కదిలితే దొంగ అక్కడే ఉంది. అలైన్‌మెంట్ మెషీన్ దీన్ని పట్టలేదు. అది ఆగి ఉన్న బండి కోణాలను కొలుస్తుంది. గతుకు మీద ఏం జరుగుతుందో, ఎక్కడ లూజు ఉందో దానికి తెలియదు. పచ్చరంగు అంకెలను నమ్మి మోసపోయేది అందుకే.

వెడల్పు టైర్ల కోసం రిమ్‌లను బయటికి జరిపితే ఇంకో భారం. చక్రం తిరిగే అక్షానికీ టైరు మధ్యభాగానికీ దూరం పెరుగుతుంది, ఒక చక్రం రాయికి తగిలినప్పుడు ఆ దూరమే మీటలా పనిచేసి స్టీరింగ్‌ను చేతిలోంచి లాగేస్తుంది. రిమ్ బయటికి జరిగిన కొలత, అంటే ఆఫ్‌సెట్, 30 మిల్లీమీటర్లు మారితే మీట కూడా 30 మిల్లీమీటర్లు పెరిగినట్టే.

బిగించేటప్పుడు చేసే ఒక పొరపాటు కూడా చెప్పాలి. లోహానికి అతికించిన రబ్బరు బుష్‌లున్న ఆర్మ్‌ల బోల్టులను బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా చివరిదాకా బిగించకూడదు. అలా చేస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, త్వరగా చీలిపోతుంది. బండి తన బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు వేయాలి. అలైన్‌మెంట్‌లో కాస్టర్, క్యాంబర్ ముందు చూసి టో చివర పెట్టాలి, మొదటి రెండూ మారితే టో కూడా మారుతుంది కాబట్టి. బండి జారకుండా తనంతట తానే బ్రేకులు వేసే స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బళ్లలో స్టీరింగ్ కోణం సెన్సర్‌కు కొత్త మధ్య స్థానం నేర్పించాలి. లేకపోతే తిన్నగా పోతున్న బండిని తిరుగుతోందని భ్రమపడి అది బ్రేకులు వేయగలదు. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త కుంగుతాయి. అప్పుడు బోల్టులన్నీ మళ్లీ చూసుకుని, అలైన్‌మెంట్ మరోసారి చేయించుకోవాలి.