ఆ అమ్మాయి మనింట్లో ఎందుకు తినలేదంటే

సిరిసిల్ల

ప్రియమైన పిల్లలకు,

మీ అమ్మమ్మ ఆశీస్సులు. పోయిన ఆదివారం పెద్దది ఫోన్ చేసినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. చెప్పబోతే సగంలోనే దానికి క్లాసు టైమైపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇది దాని కోసమే అయినా మిగతావాళ్లూ చదవండి. రేపు మీరూ ఊళ్లు పట్టుకుని పోయేవాళ్లే.

జరిగిందేమిటంటే, పెద్దది అమెరికాలో తను చదివే చిన్న ఊళ్లో క్లాసువాళ్లను భోజనానికి పిలిచింది. పొద్దుటి నుంచీ నిలబడి మటన్ బిర్యానీ, పెరుగు చట్నీ చేసింది. వచ్చినవాళ్లలో ఒక యూదుల అమ్మాయి ఒక్క మెతుకు ముట్టలేదు. అరటిపండు ఒలుచుకుని తిని, నీళ్లు తాగి, చివరిదాకా నవ్వుతూ కూర్చుని వెళ్లిందట. "మన చేతి వంట ఆమెకు అంటరానిదా అమ్మమ్మా?" అని అడిగావు కదే. అడుగుతుంటే నీ గొంతు వణికింది.

ఆ ప్రశ్న నీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా నాయనమ్మ నేసిన చీరలు భుజాన వేసుకుని వెళ్తే అరుగు కిందే నిలబెట్టిన ఇళ్లున్నాయి. చీర లోపలికి పోయేది, మనిషి పోయేది కాదు. మనింటి మంచినీళ్లు కూడా తాగనివాళ్లుండేవాళ్లు. ఆ కథలన్నీ నేనే మీకు చెప్పాను. కాబట్టి ఈ కథ కూడా నేనే చెప్పాలి.

మా నాన్న బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. 1982లో మిల్లుల సమ్మె వచ్చి అందరం చెల్లాచెదురయ్యేదాకా మాది అక్కడే, సాత్ రస్తా దగ్గర చాల్‌లో, అంటే వరసగా ఒంటి గదులుండే మేడలో, ఒక్క గది. మన వైపు నుంచి పోయిన నేతవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామంది. మా పక్క గదిలో ఒక యూదుల కుటుంబం. ఆయనకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. ఆమెను నేను మావ్‌శీ అనేదాన్ని, మరాఠీలో పిన్ని అన్నట్టు. చీర కట్టేది, మరాఠీ మాట్లాడేది. శుక్రవారం సాయంత్రం పొద్దుగూకకముందే వంటంతా ముగించి కొబ్బరినూనె దీపం వెలిగించేది. మళ్లీ శనివారం చీకటి పడి నక్షత్రాలు కనపడేదాకా పొయ్యి ముట్టేది కాదు.

వాళ్లను బెనె ఇజ్రాయెల్ అంటారు. ఎప్పుడో అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరాన ఓడ పగిలిపోతే ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు బతికి బయటపడ్డారని, ఆ సంతానమే తామని వాళ్ల పెద్దలు చెప్పుకునేవాళ్లు. కొంకణ్ ఊళ్లలో గానుగ ఆడి నూనె తీసి బతికారు. శనివారం గానుగ కట్టేవాళ్లు కాదు గనుక ఊళ్లోవాళ్లు వాళ్లను శనివార్ తేలీ అన్నారు, శనివారం పని మానే నూనెవాళ్లని. గ్రంథాలు సముద్రంలో పోయాయి. గురువులు లేరు. తోటి యూదులెవరూ దగ్గర్లో లేరు. అయినా ఏ చేప తినాలో, ఏది తినకూడదో వాళ్ల ఆడవాళ్లు మరిచిపోలేదు. దావీద్ రహాబీ అనే యూదు పెద్దాయన వచ్చి వీళ్లు యూదులేనా అని చూడటానికి రకరకాల చేపలు కలిపి వండమని ఇచ్చాడట. ఆడవాళ్లు పొలుసూ రెక్కా ఉన్నవి ఒక పక్కకు తీసి, మిగతావి మేం వండబోమని పక్కన పెట్టేశారట. ఆయన సందేహం అక్కడితో తీరిపోయిందని మావ్‌శీ చెబుతుంటే, ఆమే ఆ చేపలు ఏరినట్టు ఉండేది.

ఇప్పుడు వాళ్ల తిండి నియమాలేమిటో చెబుతా. వాటికి సరిపోయే తిండిని కోషర్ అంటారు, తగినది అని అర్థం. బైబిల్లో లేవీయకాండం 11లో, ద్వితీయోపదేశకాండం 14లో ఉంది. డెక్క చీలి, నెమరు వేసే జంతువే తినాలి. మేక, గొర్రె సరే, పంది కూడదు. నీళ్లలో పొలుసూ రెక్కా రెండూ ఉన్నదే తినాలి. మన భాషలో చెప్పాలంటే శీలావతి, బొచ్చె, కొరమీను తినొచ్చు. జెల్ల, వాలుగ, సొర, రొయ్య, పీత కూడదు. కోడినైనా మేకనైనా వాళ్ల పద్ధతి తెలిసినవాడే కోయాలి. కత్తికి వెంట్రుకంత గంటు కూడా ఉండకూడదు, గోటి మీద ఆనించి చూస్తాడు. రక్తం తినకూడదు. ఇక మూడు చోట్ల రాసి ఉన్న మాట ఒకటుంది, మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టకూడదని. అందులోంచే మాంసం, పాలు కలవకూడదనే పద్ధతంతా పుట్టింది. గిన్నెలు కూడా వేరువేరు.

ఇక్కడ ఆగి నీ భోజనం గుర్తు చేసుకో. మటన్‌ను పెరుగులో నానబెట్టావు. నెయ్యి వేశావు. పక్కన పెరుగు చట్నీ పెట్టావు. ఆ మాంసం వాళ్ల పద్ధతిలో కోసింది కాదు. పోనీ వట్టి అన్నం పెడదామంటే, అదీ నీ గిన్నెలోనే ఉడికింది కదా. ఆ అమ్మాయికి నీ ఇంట్లో అరటిపండు తప్ప ఇంకేం మిగిలింది చెప్పు? తొక్క ఒలిచి తినేది గనుక దానికి ఏ గిన్నె తగల్లేదు.

కోషర్ హోటల్ ఉన్న ఊళ్లో ఇదంతా హోటల్‌వాడు చూసుకుంటాడు. లేని ఊళ్లో ప్రతి ముద్దా ఇంట్లో ఆడమనిషి మీద పడుతుంది. మావ్‌శీ ఎలా చేసేదో నేను కళ్లారా చూశాను. బతికున్న కోడిని కొని, వాళ్ల గుడికి తీసుకెళ్లి, అక్కడ ప్రార్థన చేయించే హజాన్ చేత కోయించుకొచ్చేది. వాళ్ల గుడిని మశీద్ అనేవాళ్లు. 1796లో శామ్యూల్ ఎజెకియెల్ దివేకర్ కట్టించిన పాత గుడి వల్లే ఆ పక్క రైల్వే స్టేషన్‌కు మస్జిద్ అని పేరొచ్చిందంటారు. కోడి ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, వాలుగా పెట్టిన చెక్క మీద పరిచి, రాళ్ల ఉప్పు రెండు వైపులా పట్టించేది. గంటసేపు అలా ఉంచితే రక్తం గులాబీ నీళ్లలా కారి కింద గిన్నెలో పడేది. తర్వాత మూడుసార్లు కడిగేది. కార్జం మాత్రం ఉప్పుతో పోదని నిప్పుల మీద కాల్చేది. కోడిగుడ్డును ఒక్కొక్కటే గ్లాసులో కొట్టి వెలుగుకు ఎత్తి చూసేది. రక్తపు చుక్క కనిపిస్తే పారేసేది. ఇంట్లో ఆరుగురు, జీతం ఒక్కటే. అయినా పారేసేది.

పెరుగు వాడకుండా కూర చిక్కగా ఎలా వస్తుందనుకున్నావు? కొబ్బరిపాలు. కొంకణ్ తీరమంతా కొబ్బరిచెట్లే కదా. మాంసం కూరలో కొబ్బరిపాలే, చివర తాగే చారులో చింతపండుకు బదులు కోకమ్, కొబ్బరిపాలే. వాళ్ల కొత్త సంవత్సరానికి గోధుమపాలు తీసి, కొబ్బరిపాలు, చక్కెర పోసి గంటల తరబడి కలిపి హల్వా చేసేది. ప్రార్థనకు ద్రాక్షరసం కావాలి. వాళ్ల పద్ధతిలో చేసిన ద్రాక్షసారా ఆ చాల్‌లో ఎవరు తెస్తారు? నల్ల ఎండుద్రాక్ష రాత్రి నానబెట్టి, తెల్లారి చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడగట్టేది. ఆ గుడ్డ పిండిన వేళ్లు ఊదారంగులోకి తిరిగేవి. నాకు అది చూడాలని ఎంత ఆశగా ఉండేదో.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా ఇది ఎప్పుడూ చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్లుంటాయి. శుక్రవారం మధ్యాహ్నం. మావ్‌శీ నీళ్ల కోసం నల్లా దగ్గరికి వెళ్లింది. కుంపటి మీద మట్టికుండలో మాంసం ఉడుకుతోంది. వారానికి ఒక్కరోజే వండేది. నేను మా ఇంట్లో పెరుగన్నం తిని, గరిట నాకుతూ వాళ్ల గదిలోకి వెళ్లాను. కుండలోంచి అడుగంటుతున్న వాసన వచ్చింది. సాయం చేద్దామని మూత తీసి, చేతిలో ఉన్న గరిటతోనే అడుగుదాకా కలిపాను. గరిట గుంటలో పెరుగు ఇంకా ఉంది. ఎర్రటి కూర మీద తెల్లటి చారలు తేలాయి.

మావ్‌శీ బిందెతో గుమ్మంలోకి వచ్చి చూసింది. ఒక్క మాట అనలేదు. బిందె దించి, మెల్లగా గరిట నా చేతిలోంచి తీసుకుని మా గడప దగ్గర పెట్టింది. వాళ్లాయన గుడికి వెళ్లి హజాన్‌ను అడిగొచ్చాడు. ఎంత కూర, ఎంత పెరుగు అని హజాన్ అడిగాడట. పొరపాటున పడింది అరవయ్యో వంతుకన్నా తక్కువైతే దారి ఉంది. ఆ చిన్న కుండలో నా గరిట పెరుగు అంతకన్నా ఎక్కువే. కూర మొత్తం పారబోశారు. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోతూ, "పారబోయడం ఎందుకు, ఎవరికైనా ఇవ్వండి" అంది. ఇవ్వకూడదట. పాలూ మాంసమూ కలిసి ఉడికితే తినడమే కాదు, దానివల్ల ఏ లాభమూ పొందకూడదు, దానం కూడా కూడదు. రాగిదో ఇనుముదో అయితే మరిగే నీళ్లలో ముంచి శుద్ధి చేసుకోవచ్చు. మట్టి పీల్చుకున్నది మళ్లీ వదలదు గనుక ఆ కుండ ఇక వంటకు పనికిరాదు.

ఆ రాత్రి వాళ్లింట్లో చపాతీ, కోడిగుడ్డు కూర. మా అమ్మ నన్ను కొట్టబోతే మావ్‌శీ అడ్డం వచ్చింది. "అడుగంటుతుందని కలిపింది పిల్ల, కొట్టకు" అంది.

తెల్లారి మా అమ్మ ఏం చేసిందో విను. వండి పంపితే వాళ్లు తినరని తెలుసు. రెండు శేర్ల బియ్యం, కందిపప్పు, కొబ్బరికాయ, పచ్చి కూరగాయలు కొత్త చేటలో పెట్టి, ఆదివారం దాకా ఆగి, తీసుకెళ్లి ఇచ్చింది. మనం స్వయంపాకం అంటామే, అది. మావ్‌శీ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. మన వంట తిననిది మన బియ్యం ఎందుకు తీసుకుంది? అప్పుడే నాకు తేడా తెలిసింది. అరుగు కింద నిలబెట్టినవాళ్లకు మా నాయనమ్మ పుట్టుకతో పేచీ. మావ్‌శీకి పేచీ గరిటతో. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేసేది, మా చెంబులో నీళ్లు తాగేది. తన అన్నకైనా అదే గరిటతో కలిపిన కూర పెట్టేది కాదు.

ఒక మాట దాచను. వంటలో, ద్రాక్షసారాలో తమవాళ్ల చెయ్యి ఉండాలనే నియమాలు కూడా వాళ్లకున్నాయి. అవి విన్నప్పుడు నా మనసు చివుక్కుమంది. కానీ దానికీ ఆమె దారి చూపించింది. మా ఇంట్లో పండక్కి ఆమె వస్తే కుంపటి తనే ముట్టించేది, మిగతా వంట మా అమ్మ చేసేది, ఆమె తెచ్చుకున్న గిన్నెలో.

బెనె ఇజ్రాయెల్‌లో చాలామంది తర్వాత ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. మావ్‌శీ కుటుంబం కూడా వెళ్లింది. ఇంకో సంగతి, మన తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో 1991లో ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు, తమను బెనె ఎఫ్రాయిం అంటారు.

పెద్దదానా, ఇక నీ పని. ఆ అమ్మాయిని మళ్లీ పిలువు. ముందే ఫోన్ చేసి "నువ్వు ఎంతవరకు పాటిస్తావు" అని అడుగు, అందరూ ఒకేలా పాటించరు. కొందరు బయట శాకాహారం వరకూ తింటారు, కొందరు మన గిన్నెలో నీళ్లు కాచినా తాగరు. అడిగితే ఏమనుకోదు, ఊహించుకుని చేస్తేనే ఇబ్బంది. షాపులో ప్యాకెట్ల మీద సున్నాలో యు అక్షరం ఉన్న కోషర్ గుర్తు చూడు. హైంజ్ కంపెనీ 1923లో బీన్స్ డబ్బాల మీద మొదలుపెట్టిన గుర్తు అది. పక్కన డి ఉంటే పాలు కలిసిందో, పాల పదార్థాలు చేసే యంత్రాల మీద చేసిందో. పార్వే అని ఉంటే పాలూ మాంసమూ రెండూ లేనిది, కానీ అందులో గుడ్డో చేపో ఉండొచ్చు, మన శాకాహారుల్ని పిలిచినప్పుడు అదొక్కటే చూసి పెట్టేయకు. కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ చెంచాలు కొను.

చేయడానికి నేను చెప్పేది మలీదా. మావ్‌శీ వాళ్లు ఎలియాహూ ప్రవక్త పేరు చెప్పుకుని మొక్కు తీరినప్పుడు చేసుకునేది. పొయ్యి అక్కర్లేదు. అటుకులు తడిపి, చక్కెర, పచ్చికొబ్బరి తురుము, ఎండుద్రాక్ష, బాదం కలపాలి, చుట్టూ పళ్లు కోసి పెట్టాలి. గుర్తున్న ప్యాకెట్లే కొను. కొత్త గిన్నె, కొత్త కత్తి, కొత్త తురుముపీట కొను, డబ్బులు నేను పంపిస్తా. వాటిని ముందు వాడాలంటే ఏమైనా చేయాలా అని ఆ అమ్మాయినే అడుగు. కొబ్బరి తురమడం ఆమె చేతికే ఇవ్వు, కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేసుకోండి.

ఆ మట్టికుండ ఏమైందో చెప్పలేదు కదూ. మావ్‌శీ దాని అడుగున మేకుతో చిల్లు పొడిచి, మట్టి నింపి, చాల్ వసారాలో మా రెండు గదుల మధ్య పుదీనా వేసింది. వాళ్లు ఊరు విడిచి వెళ్లేటప్పుడు నాకే ఇచ్చింది. మేం సిరిసిల్ల వచ్చేటప్పుడు కుండ లారీలో పగిలిపోయింది గానీ వేరు తెచ్చుకున్నాం. మీరు సెలవులకు వచ్చినప్పుడు చట్నీకి కోసుకొచ్చేది ఆ పుదీనానే.

ఆ అమ్మాయి వచ్చి వెళ్లాక ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ అమ్మమ్మ