యూకాన్ ఒడ్డున ఒక అమ్మమ్మ ఎండాకాలం

బుజ్జీ, చిన్నూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నుగాడు అడిగాడు కదా, అమ్మమ్మా నువ్వు రిటైర్ అయిపోయావు కదా, రోజంతా ఖాళీయేగా బోర్ కొట్టదా అని. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అందుకే ఇలా ఫోన్‌లో టైప్ చేస్తున్నా, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కుని మరీ. నా ఖాళీ సంగతి ఏముందిలే, ఇంకో అమ్మమ్మ ఖాళీ గురించి చెప్తా. ఆవిడ మీ దేశంలోనే ఉంటుంది, అలాస్కాలో, యూకాన్ నది సముద్రంలో కలిసే వైపు, అక్కడి ఆదివాసులైన యూపిక్ వాళ్ళ ఊళ్ళో. నేను వెళ్ళి చూడలేదు, ఇన్నేళ్ళు జాగ్రఫీ చెప్పిన పిచ్చి, చదివీ వీడియోలు చూసీ ఆ ఒడ్డు నాకు మన కోటిలింగాల రేవులా అయిపోయింది. అక్కడి చాలామంది అమ్మమ్మల్ని కలిపి ఒక్కావిడని చేశాననుకోండి.

మన గోదారి 1,465 కిలోమీటర్లు, యూకాన్ దాదాపు 3,190. దాని చివర్లో ఎమ్మోనక్, మౌంటెన్ విలేజ్, పైలట్ స్టేషన్ లాంటి ఊళ్ళు, వీటికి బయటి నుంచి రోడ్డే లేదు, చిన్న విమానం ఎక్కాలి లేకపోతే పడవ, చలికాలం అయితే గడ్డకట్టిన నదే రోడ్డు. జూన్‌లో పగలు 19, 20 గంటలు ఉంటుంది, రాత్రి పదకొండైనా పిల్లలు వీధిలోనే.

పొద్దున్నే టీ. వాళ్ళ భాషలో టీని చాయుక్ అంటారు, ఎక్కడో విన్నట్టుంది కదూ! రష్యన్ వాళ్ళు 1867 దాకా అలాస్కాని ఏలారు, వాళ్ళ చాయ్ మాటే అక్కడ చాయుక్ అయింది, హైదరాబాద్ చాయ్ కూడా అదే వంశం. చక్కెరకి కూడా రష్యన్ మాటే తీసుకున్నారు, దాని వెనక్కి వెనక్కి పోతే మన శర్కర దగ్గర తేలుతుంది, చూశారా మాటలు ఎంత దూరం నడుస్తాయో. ఆవిడ కస్పెక్ వేసుకుని కూర్చుంటుంది, అంటే టోపీ కలిపి కుట్టిన పల్చటి కాటన్ చొక్కా, ముందు పెద్ద జేబు, ఆ జేబులో ఏమైనా పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పదేళ్ళ కిందట అయితే జూన్‌లో ఆవిడకి టీ తాగే తీరిక కూడా ఉండేది కాదు. సాల్మన్ చేపలు సముద్రం నుంచి నదిలోకి ఎదురీదేది అప్పుడే, అచ్చం మన పులసలాగ. తేడా ఏంటంటే పులస గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోగలదు, అక్కడి సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. కుటుంబం మొత్తం నది ఒడ్డున చేపల క్యాంపుకి పోయేవాళ్ళు, మగవాళ్ళు వల వేసి తెస్తే ఆవిడ ఉలుఅక్ పట్టుకునేది. ఉలుఅక్ అంటే అర్ధచంద్రంలా ఉండే కత్తి, పిడి పైన ఉంటుంది, మన కత్తిపీట ఒక చోట కదలకుండా ఉంటే ఇది చేతిలో ఊగుతుంది. చేపని తెరిచి, పొడుగ్గా చీరి, కర్రల మీద గాలికి ఆరేసి, తర్వాత పొగ గుడిసెలో వేలాడదీస్తే చలికాలమంతా తిండి. వాన పడిందా పరుగు, ఈగలు వచ్చాయా పరుగు. మనవరాళ్ళు పక్కన నిలబడి చూస్తూ చూస్తూ ఒక రోజు కత్తి అందుకునేవాళ్ళు, అప్పుడు ఆవిడ వెనక్కి వాలి కూర్చునేది. ఆ కూర్చోవడం ఎంత హాయో నాకు తెలుసు, మీ అమ్మ మొదటిసారి ఒక్కతే ఆవకాయ కలిపిన రోజు నేనూ అలాగే కూర్చున్నా.

ఇప్పటి ఖాళీ అలాంటిది కాదమ్మా. చేపలు తగ్గిపోయాయి. 2021లో యూకాన్‌లో కింగ్, చమ్ అనే రెండు రకాలూ ఎంత తక్కువ వచ్చాయంటే ఇంటి తిండికి కూడా పట్టకూడదని ఆపేశారు, అలాస్కాలోనే ఇంకో చోటు, బ్రిస్టల్ బే అనే సముద్రతీరం నుంచి చేపలు విమానంలో దానంగా తెచ్చి ఇచ్చారు, చేపల ఊరికి చేపలు విమానంలో! 2024లో అలాస్కా, కెనడా కలిసి కింగ్ సాల్మన్ వేట ఏడేళ్ళు ఆపుదామని ఒప్పందం చేసుకున్నాయి. సముద్రం వేడెక్కడం ఒక కారణం అంటారు సైంటిస్టులు, అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలో ట్రాలర్లు, అంటే పెద్ద చేపల వేట ఓడల వలల్లో పడి పోతున్నాయని ఊళ్ళవాళ్ళకి మంట. నన్నడిగితే ఆ మంట న్యాయమే, ఒడ్డున ముసలమ్మ వల ఎండిపోతుంటే నడిసముద్రంలో ఓడల వల తడుస్తూనే ఉంది కదా.

అయితే ఆవిడ మొహం వేలాడేసుకుని కూర్చోదు. వైట్‌ఫిష్, పైక్ అనే వేరే చేపలు ఉన్నాయి. జులై చివర్లో టండ్రా మీద, అంటే చెట్లు లేని చలి నేల మీద, సాల్మన్‌బెర్రీలు పండుతాయి, ఒక్కో మొక్కకి ఒక్కటే నారింజ రంగు పండు, వంగి వంగి ఏరాలి, దోమలు మాత్రం చంపేస్తాయి. వాటితో అకుతక్ చేస్తారు, అంటే కలిపినది అని అర్థం. కొవ్వుని చేత్తో నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి చక్కెర, పళ్ళు వేస్తారు. చిన్నపిల్ల జీవితంలో మొదటిసారి ఏరిన పళ్ళు ముందు పెద్దవాళ్ళకే పంచిపెట్టాలి, ఆ రూలు నాకు భలే నచ్చింది! సాయంత్రం ఆడవాళ్ళంతా కలిసి చిన్న చెక్క గదిలో ఆవిరి స్నానం, వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ కబుర్లు.

ఇంకోటి. అక్కడ ఎవరైనా పోతే తర్వాత పుట్టిన బిడ్డకి ఆ పేరు పెడతారు, పోయినవాళ్ళు ఏ వరసో ఆ వరసతోనే పిలుస్తారు, అంటే ఆవిడ తన అమ్మ పేరున్న నాలుగేళ్ళ మనవరాలిని అమ్మా అని పిలవచ్చు. బుజ్జీ, నీది మీ నాన్నమ్మ పేరు కాబట్టే మీ అమ్మ నిన్ను పేరు పెట్టి తిట్టదు, గమనించావా?

మధ్యాహ్నాలు ఒడ్డున తడి మట్టి మీద ఆడపిల్లలు కథ చెప్పుకునేవాళ్ళు, నాన్నో మావయ్యో ఏనుగు దంతంలాంటి వాల్రస్ దంతంతో చెక్కి ఇచ్చిన కథ కత్తి పట్టుకుని. ఇల్లు గీసి, ఇంట్లో మనుషుల్ని గీసి, కథ ముందుకి పోగానే చెరిపేసి మళ్ళీ గీయడం. దంతం కత్తి లేనివాళ్ళు వెన్న రాసే కత్తితో గీసేవాళ్ళు. ఆవిడ చిన్నప్పుడు గీసింది, ఇప్పుడు ఖాళీ కదా, మనవరాళ్ళకి గీసి చూపిస్తుంది.

మీ పెరట్లో పైపుతో కొంచెం మట్టి తడపండి, అమ్మని అడిగి వెన్న రాసే కత్తి తీసుకోండి, గోదారి గీసి అందులో పులస గీయండి. చెరిపేసే ముందు ఫోటో పంపండి.

మీ అమ్మమ్మ