మాండలే రాణికి మాండలేలో చోటు లేదు

బర్మా చివరి రాజు థీబా సమాధి మహారాష్ట్రలోని రత్నగిరిలో ఉంది. 2012లో మయన్మార్ అధ్యక్షుడు థెయిన్ సెయిన్ స్వయంగా వచ్చి అక్కడ నివాళులర్పించారు. రాజు అస్థికలు స్వదేశం చేరాలన్న మాట వచ్చినప్పుడల్లా ఆయన రాణి సుపయలాట్ పేరు మరుగున పడుతుంది. ఆమె స్వదేశానికైతే చేరింది, ఒకనాటి రాజధాని మాండలేకు మాత్రం చేరలేదు.

1859లో పుట్టిన సుపయలాట్ మిండాన్ రాజు కూతురు. ఆయనకు పదుల సంఖ్యలో రాణులు. 1878లో ఆయన మరణించే వేళకు ఆమె తల్లి సిన్‌బ్యూమషిన్, మంత్రి కిన్వున్ మింజీ కలిసి సింహాసనానికి థీబాను ఎంచారు. అతడు బౌద్ధ మఠంలో చదువుకున్న సాధుస్వభావి. అదే వారికి కావలసింది. థీబా సుపయలాట్‌కు సవతి అన్నే అయినా, అలాంటి పెళ్లిళ్లు ఆ రాజవంశంలో ఆచారం. అక్క సుపయగ్యీ పేరుకే రాణి, పెత్తనమంతా చెల్లెలిదే. రాజుకు మరో స్త్రీ ఉండకూడదని సుపయలాట్ పట్టుబట్టింది. ఆ అంతఃపురం ఎరగని కోరిక అది.

1879 ఫిబ్రవరిలో సింహాసనానికి పోటీ రాగల రాజకుటుంబీకులను దాదాపు 80 మందిని చంపించారు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. చరిత్రకారులు ఎక్కువగా వేలెత్తి చూపేది తల్లినే అయినా, లోకం నోళ్లలో పడింది కూతురు. ఆమె నిర్దోషి అని నేననను. రాజు మనసుపడిన ఖిన్‌ఖిన్ మరణం వెనుక ఉన్నది ఆమె పగే. కానీ బర్మాను కబళించదలచిన బ్రిటిష్ వారికి ‘క్రూరురాలైన రాణి’ కథ ఎంత పనికొచ్చిందో మరవకూడదు. అసలు తగాదా టేకు కలపది. దుంగల లెక్కల్లో మోసం చేసిందంటూ బ్రిటిష్ వారి బాంబే బర్మా కంపెనీకి మాండలే దర్బారు భారీ జరిమానా వేసింది. ఫ్రెంచివారు అక్కడ పాగా వేస్తారన్న భయం బ్రిటిష్ వారికి ముందే ఉంది. 1885 నవంబరులో యుద్ధం మొదలై, రెండు వారాల్లో రాజ్యం పోయింది.

రాజదంపతులను రంగూన్ మీదుగా మద్రాసుకు తెచ్చారు. వారి మూడో కూతురు అక్కడే పుట్టింది. 1886లో అక్కడి నుంచి రత్నగిరికి తరలించారు. ఈనాడు అందరూ చూసే థీబా రాజభవనం తయారైంది 1910లో, అంటే ప్రవాసంలో పాతికేళ్లు నిండవచ్చాక. చరిత్ర చేసే చిత్రాలు చూడండి: సరిగ్గా ఆ రోజుల్లోనే రత్నగిరిలో పుట్టిన తిలక్ మాండలే జైల్లో ఉన్నారు.

1916లో థీబా కన్నుమూశాడు. 1919లో సుపయలాట్‌ను బర్మాకు రానిచ్చారు, కానీ రంగూన్ వరకే. కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీలు ఆ నగరపు రేవులో బస్తాలు మోస్తున్న కాలం అది. ఆమె యువరాణిగా పెరిగిన బర్మా అప్పటికి భారత సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం.

1925 నవంబరులో ఆమె మరణించింది. మాండలేలో సమాధి చేస్తామని కుటుంబం కోరితే ప్రభుత్వం ఒప్పుకోలేదు. థీబాను దించేశాక బర్మా పల్లెల్లో చెలరేగిన తిరుగుబాట్లను అణచడానికి ఏళ్లు పట్టింది. పాత రాజధానిలో పాత రాణి సమాధి వెలిస్తే జనం దాని చుట్టూ చేరరన్న భరోసా ఏముంది? అంత్యక్రియల నాడు సెలవు ప్రకటించారు, రాచరికానికి గుర్తైన శ్వేతఛత్రాలు పట్టనిచ్చారు, గవర్నరు కూడా హాజరయ్యారు. కానీ ఆ భయంతోనే సమాధి మాత్రం రంగూన్‌లోనే, ష్వెడగాన్ పగోడా దగ్గర కట్టించారు.