పేపర్ల కోసం డాలర్లు కట్టకండి

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మిర్చి మీద పడ్డ నల్ల తామర పురుగు గురించి ప్రాజెక్టు తీసుకున్నారని, నెట్‌లో ఎంత వెతికినా వార్తలూ వీడియోలే తప్ప పరిశోధన పేపర్లు దొరకడం లేదని మొన్న ఫోన్లో ఒకటే టెన్షన్ పడ్డారు కదా. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్ సైటు తెరవండి. ఆ పురుగు శాస్త్రీయ నామం 'త్రిప్స్ పార్విస్పైనస్' (Thrips parvispinus). ఇంగ్లీషులో కొట్టి, రెండు మాటలకూ కలిపి కొటేషన్ గుర్తులు పెట్టండి. అవి లేకపోతే లోకంలో ఉన్న తామర పురుగులన్నీ వచ్చి నెత్తిన పడతాయి.

అక్కడ 'మిర్చి' అని కూడా చేర్చాలనిపిస్తుంది. మొదట్లోనే వద్దు. 2021లో మన వైపు మిర్చి తోటల్ని ముంచిన ఈ పురుగు మన దేశంలో అంతకు ముందే బొప్పాయి మీద కనిపించింది. ఆ సంగతి చెప్పే వ్యాసం 2015 నాటిది. మిర్చి అని బిగిస్తే అది మీ కంటపడకపోవచ్చు. దాన్ని తెరిచి చివర ఉన్న రిఫరెన్సులు చూస్తే అంతకు ముందు ఏ దేశాల్లో, ఏ పంటల మీద చూశారో తెలుస్తుంది. స్కాలర్‌లో అదే వ్యాసం కింద 'సైటెడ్ బై' అని పక్కన ఓ అంకె ఉంటుంది. దాన్ని నొక్కండి. తర్వాత దాన్ని ఎవరెవరు ఉదహరించారో బయటికొస్తుంది, మన మిర్చి కథ అందులో దొరుకుతుంది. ఒక్క మంచి పేపరు చేతికొస్తే చాలు, తీగ లాగితే డొంకంతా కదిలినట్టే. పదిసార్లు కొత్తగా వెతకడం కన్నా నాకు ఇదే ఇష్టం.

అన్నీ పూర్తిగా చదవక్కర్లేదు, ముందు అబ్‌స్ట్రాక్ట్, అంటే మొదట్లో ఉండే సారాంశం చూడండి. ఇక థీసిస్‌లంటారా, వ్యవసాయ విశ్వవిద్యాలయాలవి కృషికోశ్ అనే సైటులో, మిగతావి శోధ్‌గంగ అనే సైటులో ఉంటాయి. వ్యవసాయ పరిశోధన కేంద్రమైన లాం ఫారం మీకు కూతవేటు దూరమే కాబట్టి ఓసారి వెళ్ళి అడగడానికి మొహమాటపడకండి.

కొన్నిసార్లు వ్యాసం తెరవబోతే పబ్లిషర్ సైటు 30, 40 డాలర్లు అడుగుతుంది. కట్టకండి! స్కాలర్‌లో కుడిపక్కన పీడీఎఫ్ లింకు ఉందేమో చూడండి, లేకపోతే 'ఆల్ వెర్షన్స్' నొక్కండి. చాలాసార్లు రచయితే తన కాలేజీ సైటులో పెట్టి ఉంటాడు. ప్రభుత్వ కాలేజీలో చదివేవాళ్ళు మీ లైబ్రేరియన్‌ని 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం గురించి అడగండి. 2025 జనవరి నుంచి 30 పబ్లిషర్లకు చెందిన సుమారు 13,000 జర్నళ్ళు దాని కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. చాలామంది పిల్లలకు ఆ సంగతే తెలియదు, చెప్పేవాళ్ళూ తక్కువే.

ఏదీ కుదరకపోతే వ్యాసం మొదటి పేజీలో రచయిత ఈమెయిలు ఉంటుంది. మీరెవరో, ఏ ప్రాజెక్టు చేస్తున్నారో నాలుగు వాక్యాల్లో రాసి కాపీ పంపమని అడగండి. వాళ్ళకు తమ పని ఎవరైనా చదివితే సంతోషమే. వారం ఆగి జవాబు రాకపోతే, ఇంకోసారి మర్యాదగా గుర్తు చేయండి.

ఇట్లు,
మీ తాతయ్య