తొమ్మిది గదుల ఇల్లు, టు-లెట్ బోర్డు

"లోహానికీ కర్బనానికీ నేరుగా బంధం పడిన పదార్థాలని సేంద్రియ రసాయనంలో చదవాలా, నిరింద్రియంలోనా?" అని ఒక పాఠకుడు అడిగారు. రెండింట్లోనూ చదవాలి. లేకపోతే రసాయన శాస్త్రానికి అడ్డుగోడ కట్టిన మాస్టార్లని తిట్టుకోవాలి. మన ఒంట్లో పనిచేసే బి12 విటమిన్ రూపంలోనే కోబాల్టుకీ కర్బనానికీ బంధం ఉంది. ఒంటికి లేని పట్టింపు సిలబస్‌కెందుకు?

ఆ గోడ దూకి జీవితమంతా గడిపినవాడు జెఫ్రీ విల్కిన్సన్. 1921లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. మొదట పట్టింది అణు రసాయనం. అమెరికాలోని బర్క్‌లీలో కొత్త ఐసోటోపులు (ఒకే మూలకానికి వేరువేరు బరువుల పరమాణువులు) వెతుకుతున్నప్పుడు, అక్కడి అణు రసాయన శాస్త్రవేత్త గ్లెన్ సీబోర్గ్, ఈ చదువుతో ఇంగ్లండులో ప్రొఫెసరు ఉద్యోగం దొరకడం కష్టమన్నాడు. దాంతో విద్యార్థి రోజుల్లో మనసుపడ్డ పరివర్తన లోహాల వైపు, అంటే ఇనుము, కోబాల్టు, రోడియం లాంటి వాటి వైపు మళ్ళాడు. అతనికి అంతకన్నా మంచి సలహా ఎవరూ ఇచ్చి ఉండరు.

1951లో కీలీ, పాసన్ అనే ఇద్దరు వేరేదేదో తయారుచెయ్యబోతే నారింజరంగు స్ఫటికాలు వచ్చాయి: ఒక ఇనుము, పది కర్బనాలు, పది హైడ్రోజన్లు. ఇనుము చెరో చేత్తో చెరో అయిదు కర్బనాల వలయాన్ని పట్టుకున్నట్టు వాళ్ళు బొమ్మ గీశారు. అంత బలహీనమైన పట్టు అయితే 400 డిగ్రీల వేడికి ఎలా తట్టుకుంటుంది? హార్వర్డులో ఉన్న విల్కిన్సన్ నమ్మలేదు, అక్కడి సేంద్రియ రసాయన శాస్త్రవేత్త వుడ్‌వర్డూ నమ్మలేదు. ఇనుము రెండు వలయాల మధ్య ఇరుక్కుని పది కర్బనాలనీ సమానంగా పట్టుకుందని 1952లో చెప్పారు. ఏ బంధం ఏ పరారుణ కాంతిని పీల్చుకుంటుందో చూపే పరారుణ వర్ణపటంలో కర్బన-హైడ్రోజన్ బంధాలకి ఒకే ఒక్క గీత పడింది. అంటే పది హైడ్రోజన్లూ ఒకలాంటివే. అదే ఫెర్రోసీన్. మ్యూనిక్‌లో ఎర్నెస్ట్ ఒట్టో ఫిషర్ విడిగా ఇదే తేల్చాడు. 1973లో నోబెల్ విల్కిన్సన్‌కీ ఫిషర్‌కీ వచ్చింది. తనని వదిలేశారని వుడ్‌వర్డు కమిటీకి ఉత్తరం రాశాడు.

ఇక అసలు సంగతి. పరివర్తన లోహాన్ని తొమ్మిది గదుల ఇల్లనుకోండి: ఒక ఎస్, మూడు పి, అయిదు డి ఆర్బిటాళ్ళు, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు. గదికి ఇద్దరు ఎలక్ట్రాన్లు. మొత్తం 18. ఈ అంకె వినగానే పద్దెనిమిది పర్వాలూ పద్దెనిమిది రోజుల యుద్ధమూ గుర్తొచ్చి "మనవాళ్ళకి ముందే తెలుసు" అనే వాళ్ళున్నారు. తొమ్మిదిని రెండుతో గుణించడానికి వ్యాసుడు అక్కర్లేదండీ.

ఫెర్రోసీన్‌లో ఇనుము సొంత మనుషులు 6, ఒక్కో వలయం తెచ్చినవాళ్ళు 6. ఇల్లు నిండిపోయింది. కొత్తవాళ్ళు తలుపు తట్టినా చోటు లేదు. దాని స్థిరత్వానికి కారణం అదే.

ఉత్ప్రేరకానికి, అంటే తను ఖర్చవకుండా రసాయన చర్యని త్వరగా నడిపించేదానికి, కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు. 1955లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి ప్రొఫెసరుగా తిరిగొచ్చిన విల్కిన్సన్, పదేళ్ళకి, 1965లో ద్విబంధాలకి హైడ్రోజన్ చేర్చే, తన పేరే నిలిచిపోయిన ముదురు ఎరుపు రోడియం సమ్మేళనాన్ని పరిచయం చేశాడు. రోడియం సొంతానికి 8, మూడు ఫాస్ఫీన్లు (ఫాస్ఫరస్‌తో లోహాన్ని పట్టుకునే అణువులు) తెచ్చినవి 6, క్లోరైడు తెచ్చినవి 2. కూడితే 16. ఒక గది ఖాళీ, టు-లెట్ బోర్డు వేలాడుతోంది!

ఇక్కడి ఫాస్ఫీన్ మూడేసి బెంజీన్ వలయాల సామానుతో దిగిన బాపతు. ముగ్గురికి ఇరుకై ఒకరు ఖాళీ చేస్తారు: 14. హైడ్రోజన్ అణువు వచ్చి, గుమ్మంలోనే రెండు పరమాణువులుగా విడిపోయి చేరుతుంది: 16. రెండు కర్బనాల మధ్య ద్విబంధం ఉన్న ఆల్కీన్ దిగుతుంది: 18, ఇల్లు ఫుల్. ఇప్పుడు ఒక హైడ్రోజన్ లేచి పక్క గదిలోని ఆల్కీన్‌తో కలిసిపోతుంది, గది ఖాళీ: 16. రెండోదీ కలిసి, ద్విబంధం పోయిన ఆల్కేన్ మూటాముల్లె సర్దుకుని బయటికి నడుస్తుంది: 14. మళ్ళీ హైడ్రోజన్ తలుపు తడుతుంది. ఇదంతా గది ఉష్ణోగ్రత దగ్గర, మామూలు వాతావరణ పీడనంలోనే! క్లాసులో "18 ఎలక్ట్రాన్ల నియమం" అని బట్టీ పట్టించేస్తారు గానీ, పని జరిగేది 18 కానప్పుడేనని ఎందుకు చెప్పరో.

ఫాస్ఫీన్ల సామాను అడ్డం వల్ల సన్నపాటి ఆల్కీన్లు చులాగ్గా దూరతాయి, చుట్టూ కొమ్మలున్నవి గుమ్మం దగ్గరే తచ్చాడతాయి. ఒకే అణువులో రెండు ద్విబంధాలుంటే ఇరుకు లేనిది ముందు మారుతుంది. కార్బన్ మోనాక్సైడు మాత్రం దిగిందంటే ఖాళీ చెయ్యదు, వ్యాపారం మూతపడుతుంది.

అద్దెకున్నవాణ్ణి మారిస్తే ఇంటి తీరే మారుతుంది. మోన్‌శాంటో కంపెనీలో విలియం నోల్స్ ఆ ఫాస్ఫీన్ల బదులు కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాగా ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉండే రకం ఫాస్ఫీన్లలో ఒక చేతివాటాన్ని పెట్టి చూశాడు. 1968లో తయారైన పదార్థంలో ఒక చేతివాటం రెండోదాని కన్నా 15 శాతమే ఎక్కువొచ్చింది. ఫాస్ఫీన్‌ని మారుస్తూ పోగా అది 95 శాతానికి చేరింది. పార్కిన్సన్ జబ్బుకి వాడే ఎల్-డోపాని ఈ పద్ధతిలో తయారుచెయ్యడం అలా మొదలైంది.