కలుపు మందు, ఊపిరితిత్తి, ఆక్సిజన్

పారాక్వాట్ అనే కలుపు మందు పడిన ఆకు ఎండలో కొన్ని గంటల్లోనే వాడిపోయి, ఒకటి రెండు రోజుల్లో మాడిపోతుంది. కిరణజన్య సంయోగక్రియలో ఒక అణువు నుంచి మరో అణువుకు చేరుతూ పోయే ఎలక్ట్రాన్‌ను ఈ మందు మధ్యలో లాక్కొని, దగ్గరలో ఉన్న ఆక్సిజన్‌కు అంటగడుతుంది. అలా పుట్టిన సూపరాక్సైడ్ (ఒక ఎలక్ట్రాన్ అదనంగా చేరిన ఆక్సిజన్), దాని నుంచి వచ్చే మరింత చురుకైన పదార్థాలు కణపు పొరలను చీల్చేస్తాయి. ఇదంతా పచ్చని ఆకులో జరిగే సంగతి కాబట్టి జంతువులకు భయం లేదని అనుకుంటే పొరపాటే. ఎలక్ట్రాన్ ఇచ్చే వనరు జంతుకణంలోనూ ఉంది. దానికి ఎండ కూడా అక్కర్లేదు.

ఈ రసాయనాన్ని 1882లోనే తయారుచేశారు గాని, కలుపును చంపే గుణం 1955లో బయటపడింది. 1962లో అది మార్కెట్లోకి వచ్చింది. జంతువు శరీరంలో చేరిన పారాక్వాట్‌కు ఎన్ఎడిపిహెచ్ అనే అణువు నుంచి, కొన్ని ఎంజైమ్‌ల ద్వారా, ఒక ఎలక్ట్రాన్ అందుతుంది. అది వెంటనే ఆ ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్‌కు ఇచ్చేసి, మళ్ళీ తన మొదటి రూపానికి వచ్చి, ఇంకో ఎలక్ట్రాన్ కోసం సిద్ధంగా నిలుస్తుంది. చాలా విషాలు పనిచేస్తూ ఖర్చైపోతాయి లేదా ఒక ఎంజైమ్‌కు అతుక్కుని అక్కడే ఉండిపోతాయి. ఇది అలా కాదు. ఒకే అణువు గానుగెద్దులా తిరుగుతూ, కణంలో ఉన్నంతసేపూ సూపరాక్సైడ్‌ను పుట్టిస్తూనే ఉంటుంది.

కణానికి సొంత రక్షణ లేకపోలేదు. సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైమ్‌ను జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో గుర్తించారు. ఆ పెరాక్సైడ్‌ను కాటలేజ్ అనే మరో ఎంజైమ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. కణంలో ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు కూడా దాన్ని నిర్వీర్యం చేయడానికి తోడ్పడుతుంది. అయితే ఒకసారి వాడుకైన గ్లూటాథయోన్ తిరిగి పనికి రావాలంటే ఎన్ఎడిపిహెచ్ కావాలి. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం ఇదే: దాడికి ఇంధనమూ, రక్షణకు పెట్టుబడీ ఒకే ఖజానా నుంచి రావాలి, ఆ ఖజానాను పారాక్వాట్ ఖాళీ చేస్తూ ఉంటుంది. రక్షణ సన్నగిల్లాక మిగిలిన పెరాక్సైడ్, కణంలోని ఇనుముతో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన పదార్థంగా మారుతుంది. అది పొరలోని ఒక కొవ్వు అణువును చెడగొడితే, చెడిన అణువు పక్కనున్న దాన్ని చెడగొడుతుంది. నిప్పు ఒక గడ్డివాము నుంచి మరో వాముకు అంటుకున్నట్టు ఆ నష్టం పాకుతుంది.

ఈ నష్టాన్ని ప్రయోగశాలలో కళ్ళారా చూడవచ్చు. ఎలుక కాలేయం ముక్కను మంచులో ఉంచి నూరి, ఆ ద్రవంలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే, చెడిన కొవ్వుల నుంచి విడిపోయిన మాలోన్‌డైఆల్డిహైడ్ దానితో చర్య జరిపి గులాబీ రంగునిస్తుంది. మందు తగలని ఎలుక నమూనా లేతగా ఉంటే, తగిలినదాని రంగు చిక్కబడుతుంది. ఈ పరీక్ష ఇతర పదార్థాలకు కూడా స్పందిస్తుంది కాబట్టి ఒక్క రంగును చూసి తీర్పు చెప్పకూడదు. గ్లూటాథయోన్ తరుగుదల, ఎంజైమ్‌ల చురుకుదనం, సూక్ష్మదర్శినిలో కనిపించే కణజాలపు తీరు కలిపి చూడాలి. గ్లైఫోసేట్ అనే మరో కలుపు మందు అడ్డుకునే ఎంజైమ్ జంతువుల్లో అసలు లేకపోయినా, ఆ మందు తగిలిన చేపల్లో, ఎలుకల్లో ఇలాంటి మార్పులు కనిపించిన ప్రయోగాలున్నాయి. అక్కడ మందు మోతాదునూ, ఆకుకు అంటుకోవడానికి అందులో కలిపే పదార్థాలనూ విడివిడిగా పరిశీలించాలి, ఎందుకంటే ఆ కలిపే పదార్థాల్లో కొన్ని చేపలకు గ్లైఫోసేట్ కన్నా ఎక్కువ హాని చేస్తాయి.

ఏ అవయవం ముందు దెబ్బతింటుందన్నది చాలావరకు మందు కణాల్లోకి ప్రవేశించే మార్గం మీద ఆధారపడుతుంది. ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల కణాలకు పాలీఅమైన్లు అనే సహజ పదార్థాలను లోపలికి లాక్కునే వాహకాలు ఉన్నాయి. పారాక్వాట్ అణువులో రెండు ధనావేశాల మధ్య దూరం ఆ పదార్థాల్లో ఉన్నట్టే ఉండడంతో, వాహకాలు దాన్ని తమ సరుకే అనుకుని మోసుకెళ్తాయి. అందువల్ల ఊపిరితిత్తుల్లో దాని గాఢత రక్తంలోకన్నా సుమారు 6 నుంచి 10 రెట్లు పెరుగుతుంది. డైక్వాట్ కూడా అదే తీరున ఎలక్ట్రాన్లు మార్చుకునే మందే గాని, ఆ దారి దానికి అంతగా తెరుచుకోదు. అది ఎక్కువగా మూత్రపిండాలను, పేగులను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పారాక్వాట్‌ను బయటికి పంపే మూత్రపిండాలు కూడా దాని వల్ల దెబ్బతింటాయి కాబట్టి, విషం శరీరంలో మరింతసేపు నిలిచి ఊపిరితిత్తులకు చేరుతూ ఉంటుంది.

వాయుగోణుల గోడ చాలాచోట్ల మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా పలుచన. ఆ పలుచదనం వల్లే గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి సులువుగా దాటుతుంది. కణాలు చనిపోయాక ఆ గోడ రోజుల తరబడి మచ్చకట్టి మందమవుతుంది, ఊపిరి ఆడదు. అలాంటి రోగికి మొదట ఆక్సిజన్ పెట్టాలనిపిస్తుంది. కానీ ఎలక్ట్రాన్‌ను పట్టుకుని ఉన్న పారాక్వాట్ అణువుకు ఆక్సిజన్ అందితే సూపరాక్సైడ్ మరింత పుడుతుంది. అందుకే పారాక్వాట్ విషప్రభావంలో, రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయే దాకా వైద్యులు అదనపు ఆక్సిజన్ ఇవ్వకుండా ఆగుతారు. దీనికి విరుగుడు ఇప్పటికీ లేదు.