కోర్ఫు కోట ముందు జర్మన్ దొర

గ్రీసులోని కోర్ఫు దీవిలో పాత కోట ముందు ఒక రాతి విగ్రహం ఉంది. గ్రీకు వీరుడిది కాదు, అప్పట్లో ఆ దీవిని ఏలిన వెనిస్‌లో పుట్టినవాడిదీ కాదు. యోహాన్ మథియాస్ ఫన్ డెర్ షూలెన్‌బుర్గ్ అనే జర్మన్ దొరది.

1661లో మాగ్డెబుర్గ్ దగ్గర ఎమ్డెన్‌లో పుట్టాడు. ఆనాటి జర్మనీ వందలాది చిన్నాపెద్దా సంస్థానాల గుంపు. దొరల ఇళ్ల కుర్రాళ్లకు సైన్యమే పెద్ద కొలువు. జీతమిచ్చే రాజు ఎవరైతే వారి తరఫున కత్తి పట్టడాన్ని ఎవరూ ద్రోహమనుకునేవారు కాదు. ఇప్పుడు మనవాళ్లు కంపెనీలు మారినట్టే అనుకోండి. షూలెన్‌బుర్గ్ కూడా బ్రున్స్‌విక్, సవాయ్ సంస్థానాల్లో కొలువులు చేసి 1702లో జర్మన్ సంస్థానమైన శాక్సనీకి చేరాడు.

అక్కడే పరువు పోయింది. శాక్సనీ, రష్యా కలిసి స్వీడన్‌తో పోరాడుతున్న రోజులవి. 1706 ఫిబ్రవరిలో ఇప్పటి పోలండ్‌లోని ఫ్రౌష్టాట్ దగ్గర అతని వెంట సుమారు 20,000 మంది శాక్సన్, రష్యన్ సైనికులు. ఎదుట స్వీడన్ సేన అందులో సగమే. అయినా స్వీడన్ గుర్రపు దళాలు రెండు పక్కల నుంచీ చుట్టేయడంతో మంచు నేల మీద గంటల్లోనే అంతా అయిపోయింది. శాక్సన్లనుకుని వదిలేస్తారేమోనని రష్యన్లు కోట్లు తిప్పి తొడుక్కున్నారట. ఫలితం లేకపోయింది, దొరికిన వాళ్లను వందల సంఖ్యలో చంపేశారు.

ఇంత ఓటమి తర్వాత కూడా గిరాకీ తగ్గలేదంటే ఆ కాలపు పద్ధతి అర్థమవుతుంది. 1715లో తుర్కులు ఒక్క వేసవిలోనే వెనిస్ చేతిలో ఉన్న మోరియాను (గ్రీసు దక్షిణ భాగాన్ని) లాక్కోవడంతో వెనిస్‌కు టెన్షన్ పట్టుకుంది. ఆస్ట్రియా సేనాని యూజీన్ సిఫారసు మీద షూలెన్‌బుర్గ్‌ను ఫీల్డ్ మార్షల్‌గా పెట్టుకుంది. జీతం ఏడాదికి 10,000 బంగారు నాణేలు. అతను ప్రొటెస్టెంటు, వెనిస్ కాథలిక్కు. ఆ పట్టింపు ఎవరికీ రాలేదు.

1716 జులైలో దాదాపు 30,000 మంది తుర్కులు కోర్ఫులో దిగారు. కోటలో ఉన్నది కొన్ని వేల మందే. ఆగస్టులో పెద్ద దాడి జరిగి శత్రువు గోడల పైదాకా వచ్చినప్పుడు, 55 ఏళ్ల ఈ మనిషి కొన్ని వందల మందితో తానే బయటికి దూకి పక్క నుంచి కొట్టాడు. వెంటనే వచ్చిన గాలివాన తుర్కుల గుడారాలను ఊడ్చేసింది. ఇప్పటి సెర్బియాలోని పెట్రొవరాదిన్‌లో యూజీన్ వాళ్లను ఓడించిన కబురూ అప్పుడే అందింది. ఫిరంగులు వదిలేసి ఓడలెక్కారు.

బతికుండగానే వెనిస్ ఆ విగ్రహం పెట్టించింది. దీవి జనం మాత్రం ఆ గాలివాన తమ దీవిని కాపాడే సెయింట్ స్పిరిడాన్ మహిమేనని నమ్ముతారు. ఇప్పటికీ ఏటా ఆగస్టు 11న ఊరేగింపు ఆయనకే.